సొంత కంప్యూటరు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు: మా ఆశలు

(సంఘ భవనంలో యువజన శాఖ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



ఈ ఉగాదితో పరాభవ నామ సంవత్సరం వస్తున్నది. అరవై ఏండ్ల వరుసలో వచ్చే పేరు కనుక మనం చేయగలిగింది లేదు. అయినా అటువంటి పేరుగల సంవత్సరం ముంగిట నిలబడి 'ఆశలు' అనే విషయంపై మాట్లాడుమని కార్యదర్శిగారు మమ్ము ఆజ్ఞాపించినారు. వారి హాస్యప్రియత్వం మీరందరూ ఎరిగినదే. విషయం కంప్యూటరు. కాలేజీ చదువులు చదివిన పిల్లలు ఇందరు ఈ సభలో ఉండగా, మ్యాట్రిక్‌తో చదువు చాలించుకొన్న మావంటివారు దీనిపై నోరు విప్పడం సాహసమే. అయితే మేము చెప్పబోయేది ఇంజనీరింగు శాస్త్రం కాదు. ఇంట్లో ఉన్న పెట్టె ఎవరిది, దానిలో మనం దాచుకొన్న అక్షరాలు ఎవరివి అన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు ఎట్లా తగిలిందో మొదట మనవి చేస్తాము.

మన పెద్దలలో ఒకరు, ఇప్పుడు కీర్తిశేషులు, 1996, 97 ప్రాంతంలో సోలాపూరులోని మన కుటుంబాల చరిత్ర ఒకటి వ్రాసినారు. ఏ ఇంటివారు తెలంగాణంలో ఏ ఊరినుండి వచ్చినారు, ఏ పేటలో మొదట మగ్గం పెట్టినారు, ఎవరికి ఎవరు వియ్యాలవారు, ఎవరి తాత ఎవరి తాతకు మొదటి నెల అద్దె సర్దినాడు, ఇవన్నీ అందులో ఉన్నవి. 140 పుటలు. ఒక డి.టి.పి. కేంద్రంలో కంపోజు చేయించి, తప్పులు చూచి పెట్టుమని నాలుగైదు ఇండ్లకు ప్రూఫు కాగితాలు పంచినారు. అచ్చుకు డబ్బు కుదరలేదు. వారు పోయినారు. డి.టి.పి. కేంద్రమూ మూతపడింది. మిగిలినవి మూడు ఫ్లాపీలు, కొన్ని ప్రూఫు కాగితాలు.

మూడేండ్ల క్రిందట వారి కుమార్తె ఆ ఫ్లాపీలను ఒక స్టీలు డబ్బాలో పెట్టి మా చేతికిచ్చినారు. వాటిని చదివే సాధనం వెదకుటకే నెల పట్టింది. తీరా తెరిస్తే తెరమీద తెలుగు లేదు. తోకలున్న రోమను అక్షరాలు, కత్తెర గుర్తులు, తలక్రిందులైన ప్రశ్నార్థకాలు వరుసగా నిలిచి ఉన్నవి. ఆమెకు ఏమని చెప్పవలెనో తోచక, కొంచెం పని ఉన్నదమ్మా అని చెప్పి పంపించినాము.

కారణం తరువాత తెలిసింది. ఆ రోజులలో తెలుగు అక్షరాలకు కంప్యూటరులో తమదైన స్థానం వాడుకలో లేదు. ఒక్కొక్క వ్యాపారి ఒక్కొక్క పద్ధతిని పెట్టుకొన్నాడు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఉన్న సంఖ్యలనే తీసుకొని, ఆ సంఖ్య వచ్చినచోట తలకట్టు బొమ్మ, ఈ సంఖ్య వచ్చినచోట కొమ్ము బొమ్మ, ఇంకొక సంఖ్యకు ఒత్తు బొమ్మ చూపించేటట్లు ఫాంటు తయారు చేసినాడు. ఆ ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు. లేనినాడు అది చెత్త. ఫాంటు నడవాలంటే వారి ప్రోగ్రాము ఉండవలె, ప్రోగ్రాము నడవాలంటే కంప్యూటరు వెనుక తగిలించే తాళం ఒకటి ఉండవలె. ఆ తాళం ఎవరి సొరుగులో పోయిందో దైవానికెరుక.

రైల్వేలో పనిచేసేవారికి ఇది కొత్త కథ కాదు. మన జిల్లాలోని కుర్దువాడీనే చూడండి. ఎవరార్డ్ కాల్త్రప్ దొరవారు 1897లో తెరిచిన బార్శీ లైట్ రైల్వేకు పట్టాల నడుమ ఎడం రెండడుగుల ఆరంగుళాలు. పక్కనే బొంబాయి, మద్రాసుల ప్రధాన మార్గానికి అయిదడుగుల ఆరంగుళాలు. రెండూ రైళ్ళే, రెండూ ఒకే స్టేషనులో నిలిచేవి. కాని ఈ పెట్టె ఆ పట్టామీద నడవదు. ప్రతి బస్తా దించి మళ్ళీ ఎక్కించవలసిందే. అట్లా ఎక్కించి దించే చోట ఎంత సరుకు చిరిగిపోయిందో, ఎంత తప్పిపోయిందో పాత గుమాస్తాలను అడిగితే చెబుతారు. దేశమంతటా ఒకే గేజి ఉండవలెనని 1992లో నిర్ణయించుకొన్న తరువాత గాని ఆ బెడద తీరే దారి పడలేదు.

తెలుగు అక్షరాలకు అటువంటి ఒకే గేజి యూనికోడు. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 'క' అనే అక్షరానికి ప్రపంచమంతటా ఒకే సంఖ్య. ఏ కంపెనీ కంప్యూటరైనా, ఏ దేశపు ఫోనైనా దానిని 'క'గానే చదువవలె. చోటు దొరికినంత మాత్రాన రైలు నడవలేదు, ఆ సంగతి వేరే. మామూలు కంప్యూటర్లలో అది సరిగా కనబడేసరికి మరి పదేండ్లు పట్టింది. అంతదాకా మన పెద్దల వ్రాతలు నారో గేజి పెట్టెలలోనే ఎక్కినవి.

మరి మేమేమి చేసినాము? 'పద్మ' అనే ప్రోగ్రాము ఒకటి ఉన్నది. వెన్న నాగార్జున గారు ఇటువంటి పాత ఫాంటు వ్రాతలను యూనికోడులోనికి మార్చడానికే దానిని తయారు చేసినారు. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో నాంది పలికినది కూడా వారే. మా ఫ్లాపీలోని ఫాంటు మాత్రం దానికి తెలియదు. సాధారణంగా కొన్న వస్తువైతే ఇక్కడితో కథ ముగియవలె. కంపెనీకి ఉత్తరం వ్రాసి ఊరుకోవలె. కాని ఈ ప్రోగ్రాము ఎట్లా పనిచేస్తుందో దాని మూలం అందరికీ తెరిచిపెట్టి ఉన్నది. పూనాలో ఇంజనీరింగు చదువుకొంటున్న మన పిల్లవాడొకడు దానిని చదివి, ఇందులో మన ఫాంటుకు ఒక పట్టిక చేర్చితే చాలునన్నాడు. ఆ పట్టిక చేసినది ఇంజనీర్లు కాదు, ఈ సంఘంలోని గృహిణులు, బీడీ కార్ఖానాలో లెక్కలు వ్రాసే ఒక అన్నగారు, మేము. ఒక పక్క ప్రూఫు కాగితం, ఒక పక్క తెర పెట్టుకొని, ఈ తోక ఉన్న గుర్తు 'గుడి', ఈ కత్తెర 'త' వత్తు అని ఆదివారాలు కూర్చుని పోల్చుకొన్నాము. 'క్ష'కు మూడు రకాల గుర్తులున్నవని తెలిసిన రోజున మాలో ఇద్దరు లేచి ఇంటికి వెళ్ళిపోయినారు. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చినారు లెండి.

ఏడు నెలలకు మొదటి పుట చదువవచ్చినది. ఆమె ఇంటికి వెళ్ళి చదివి వినిపించినాము. సగంలో ఆగి నీళ్ళు తాగబోతే, "ఇది మా నాయిన రాసిందే బిడ్డా, సదువుతుండు, ఆపకు" అన్నారు.

ఇప్పుడు 'మూలం తెరిచిపెట్టడం' అంటే ఏమిటో చెప్పవలె. ఇతర ఊళ్ళలో ఇది చెప్పడం కష్టం గాని మన ఊరిలో సులభం. సోలాపూరు చాదరు మీద పువ్వు ఎట్లా పడుతున్నది? మగ్గంపైన జకార్డు ఉన్నది. దానికి అట్టల దండ ఉన్నది. అట్టలో రంధ్రమున్నచోట కొక్కెం లేస్తుంది, దానితో పడుగు పోగు లేస్తుంది, కిందనుండి పేక పోతుంది. రంధ్రం లేనిచోట పోగు లేవదు. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో జకార్డు అనే ఆయన తెచ్చిన పద్ధతి ఇది. తరువాత ముప్పై ఏండ్లకు ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజి తన లెక్కల యంత్రానికి ఈ అట్టలనే అనుకరించదలచినాడు. కనుక కంప్యూటరు తాతముత్తాతలలో నేతపనివాడు ఒకడు ఉన్నాడని మన పిల్లలకు ధైర్యంగా చెప్పవచ్చు.

ప్రోగ్రాముకు మూలం ఈ అట్టలవంటిది. మనం అంగడిలో కొనే ప్రోగ్రాము నేసిన చాదరు. పువ్వులో ఒక రేకు తప్పు పడితే అట్టలున్నవాడు ఒక రంధ్రం మూసి, ఒక రంధ్రం కొట్టి సరిచేసుకొంటాడు. చాదరు మాత్రమే ఉన్నవాడు కప్పుకొని పడుకోవలసిందే. మన పాత మాస్టరులు భూతద్దం పెట్టి, పోగులు లెక్కపెట్టి, పరాయి చాదరునుండి అట్టలు కొట్టుకొనేవారని వింటాము. ప్రోగ్రాములు అమ్మే కంపెనీలు అనేకం ఆ భూతద్దాన్ని కూడా షరతులలో నిషేధించినవి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అంటే చాదరుతోపాటు అట్టలదండ కూడా ఇచ్చే పద్ధతి.

ఇది మొదలైనది ఒక ప్రింటరు తగాదాతో. అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రాములు వ్రాసే ఆయన ఉండేవారు. పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే కబురు వచ్చేటట్లు ఆయన దాని ప్రోగ్రామును మార్చుకొన్నారు. 1980 ప్రాంతంలో కొత్త ప్రింటరు వచ్చింది. దాని మూలం ఇవ్వలేదు. ఇంకొక విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర ఉన్నదని తెలిసి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చినానని ఆయన నిరాకరించినారు. ఆ అనుభవం మనసులో ఉండి, 1983 సెప్టెంబరులో స్టాల్‌మన్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించినారు. 1989లో దానికి జి.పి.ఎల్. అనే షరతుపత్రం వచ్చినది. ఎవరైనా వాడుకోవచ్చు, చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు; మార్చి పంచేవాడు తన అట్టలను కూడా పంచవలె. అంతే.

ఇంగ్లీషువారికి 'ఫ్రీ' అనే ఒక్క మాటతో రెండు అర్థాలూ చెప్పుకోవలసివచ్చి నలభై ఏండ్లుగా తగువులాడుకొంటున్నారు. మనకు ఆ బాధ లేదు. 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. 1998లో కొందరు ఈ గందరగోళం తప్పించుకొందామని 'ఓపెన్ సోర్సు' అన్నారు.

1991 ఆగస్టులో ఫిన్లండు దేశంలో లైనస్ తోర్వాల్డ్స్ అనే ఇరవైయొక్క ఏండ్ల విద్యార్థి, సరదాకు ఒక చిన్న ప్రోగ్రాము వ్రాస్తున్నాను, పెద్దది కాబోదు అని ప్రకటించినాడు. అది లినక్సు. నేడు మీ జేబులోని ఆండ్రాయిడు ఫోను దానిమీదనే నడుస్తున్నది. ప్రపంచంలోని మొదటి అయిదువందల మహాగణకాలూ 2017 నవంబరునుండి దానిమీదనే నడుస్తున్నవి. సరదా అట్లా ఉండవలె!

అయితే మన బల్లమీది సొంత కంప్యూటరులో మాత్రం అది ఇంకా మైనారిటీయే. ఇక్కడే మా ఆశ, మా అనుమానము కూడా.

విండోస్ 10కు మామూలుగా ఇచ్చే రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగినవి. నమోదు చేసుకొన్న గృహస్థులకు మాత్రం ఒక ఏడాది పొడిగించినారు. కొత్త విండోస్ 11కు పాత ప్రాసెసర్లు పనికిరావు, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు ఉండవలె. కనుక దేశదేశాల్లో చక్కగా నడుస్తున్న యంత్రాలు ఎన్నో ముసలివని ముద్ర వేయించుకొన్నవి. మనుషులకు పదవీవిరమణ వయస్సు ఉన్నట్లు కంప్యూటర్లకూ వచ్చిందన్నమాట, పింఛను లేదు, అంతే తేడా. మన హాలులో దాతలిచ్చిన మూడు పాత కంప్యూటర్లున్నవి. వాటిలో లినక్సు మింట్ వేసినాము. రూపాయి ఖర్చు లేదు, ఒక పెన్‌డ్రైవు తప్ప. లిబ్రాఫీసులో జాబులు, జమాఖర్చులు వ్రాస్తున్నాము. ఈ ప్రసంగం వ్రాసినది కూడా అందులోనే. ఫాంట్లు కూడా స్వేచ్ఛా ఫాంట్లే: లోహిత్, నోటో, రామభద్ర. పాఠశాల పిల్లలు సాయంకాలం వచ్చి నేర్చుకొంటున్నారు.

అంతా సుఖంగా జరిగిందని చెప్పితే అసత్యమవుతుంది. ఒక పాత స్కానరు ఇప్పటికీ మాట వినదు. మన కోశాధికారి గారికి అలవాటైన లెక్కల ప్రోగ్రాము ఇందులో నడవదు. వారు వారి ల్యాప్‌టాపు వదలరు, వదలుమని మేము అడగలేదు. పెద్ద పెద్ద నగరాలకే ఈ చిక్కు వచ్చింది. జర్మనీలో మ్యూనిక్ నగర సభ 2004లో తన కార్యాలయాలను లినక్సుకు మార్చబూని, 2013 నాటికి పూర్తి చేసి, 2017లో మళ్ళీ విండోసుకే పోవాలని తీర్మానించింది. అదే జర్మనీలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో తన 30,000 కంప్యూటర్లను లిబ్రాఫీసుకు మార్చబోతున్నట్లు ప్రకటించింది. ఒకచోట పట్టాలు ఎత్తితే ఇంకొకచోట వేస్తున్నారు. మనకు దగ్గరగా చూడాలంటే కేరళ ఉన్నది. అక్కడి సర్కారు బడులలో పిల్లలు ఏండ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటరు నేర్చుకొంటున్నారు. మొదట ఉపాధ్యాయులకు నేర్పినారు, తరువాత పిల్లలకు. మ్యూనిక్ కథ, కేరళ కథ చదివిన మీదట మాకు తోచినది ఇది: యంత్రం మార్చడం ఒక రోజు పని, అలవాటు మార్చడం ఒక తరం పని. పిల్లల దగ్గర మొదలుపెట్టినవారికి పని తేలిక.

ఇంకొక భయం కూడా చెప్పి తీరవలె. అట్టలు అందరికీ ఇచ్చినంత మాత్రాన అందరూ చూస్తారా? ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాము ఉన్నది. ఫైళ్ళను కుదించడమే దాని పని. ప్రపంచంలోని లినక్సు యంత్రాలలో ఎక్కడబడితే అక్కడ ఉంటుంది. దానిని చాలాకాలం ఒకే ఒక మనిషి, జీతం లేకుండా చూచుకొంటూ వచ్చినారు. అలసిపోయినారు. సాయం చేస్తానని మారుపేరుతో ఒకరు చేరి, రెండేండ్లకు పైగా నమ్మకంగా పని చేసి, తాళం చెవి చేతికి వచ్చినాక దొంగదారి ఒకటి అందులో పెట్టినారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలోనికి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమని అనుమానించి, తవ్వి తవ్వి ఆ దొంగదారిని బయటపెట్టినారు. అర సెకను! మన బండ్లు అరగంట ఆలస్యమైనా మనకు ఆలోచన రాదు. మూలం తెరిచి ఉన్నది కనుకనే ఆయన తవ్వగలిగినారు. కాని ఒంటరి మనిషిని ఒంటరిగానే వదిలిపెట్టిన తప్పు, ఊరకే వాడుకొన్న మనందరిది. మన పట్టికను మేము 'పద్మ'కు చేర్చినాము గదా, దానిని రేపు సరిచూచేవారు కనీసం ఇద్దరు ఉండవలెనని అందుకే పట్టుబట్టినాము.

ఇక ఆశలు. రెండే చెబుతాము.

మన పిల్లలు తెలుగు మాట్లాడుతారు, బడిలో మరాఠీ చదువుతారు. తెలుగు అక్షరాలు చాలామందికి రావు. ఈ సంచికను వారి చేతిలో పెడితే బొమ్మలు చూచి పక్కన పెడతారు. యూనికోడులో మన దేశపు లిపులను ఒకే వరుసలో అమర్చినారు. తెలుగు 'క' ఎన్నవ స్థానమో దేవనాగరి 'క' తన వరుసలో అదే స్థానం. కనుక తెలుగు వ్రాతను నాగరి అక్షరాలలోనికి మార్చడం ఒక నిమిషం పని. మేము పెద్దాయన చరిత్రలో ఒక అధ్యాయాన్ని అట్లా మార్చి ఎనిమిదవ తరగతి పిల్లకు ఇస్తే గడగడ చదివి, "మా ముత్తాత పేరు ఇందులో ఉన్నది" అని కేక పెట్టింది. చిక్కు ఒకటే: మనకు 'ఎ'కు 'ఏ'కు, 'ఒ'కు 'ఓ'కు భేదం ఉన్నది, మరాఠీ చదివే పిల్లకు ఆ భేదం చూపే గుర్తులు తెలియవు. ఆ గుర్తులు నేర్పాలా, వదిలేయాలా అన్నది మాలో ఇంకా తేలలేదు. తెలుగు అక్షరాలు నేర్పడం మానివేయడానికి ఇది సాకు అవుతుందని పెద్దలు కొందరు కోపపడినారు. వారి మాట త్రోసివేయలేము. కాని అక్షరం రాలేదని తాత కథ కూడా రాకుండా పోవలెనా?

రెండవది మాటను గూర్చి. ఇప్పుడు యంత్రాలు మనిషి మాట విని వ్రాస్తున్నవి, వ్రాసినది చదువుతున్నవి, ఒక భాషనుండి ఇంకొక భాషకు మారుస్తున్నవి. మద్రాసు ఐ.ఐ.టి.లోని ఏ.ఐ. ఫర్ భారత్ వారు 2023లో ఇరవైరెండు భారతీయ భాషల అనువాద యంత్రాన్ని మూలంతో సహా విడుదల చేసినారు, తెలుగు అందులో ఉన్నది. సంతోషం. కాని మన ఇంటి తెలుగు, తెలంగాణపు మాటలో మరాఠీ కలిసి, నాలుగు తరాలు మగ్గం చప్పుడులో నానిన తెలుగు, అటువంటి యంత్రాలకు అందవలెనంటే ఎవరో చెప్పవలె. ఎవరు చెబుతారు? పెద్ద కంపెనీకి మన ఊరి తూర్పు పేటలు లాభసాటి బజారు కావు. యంత్రం తెరిచి ఉంటే మన అమ్మలు, అత్తలు, నాయినమ్మల మాటలను మనమే పట్టి దానికి నేర్పవచ్చు. మూసి ఉంటే ఎవరైనా దయతలచేవరకు కాచుకొని ఉండవలె. ఈ కొత్త యంత్రాలలో కొన్ని 'ఓపెన్' అని పేరు పెట్టుకొని, నేర్పిన పాఠాలేవో చెప్పకుండా తయారైన ఫలితం మాత్రమే ఇస్తున్నవి. అట్టలు లేని చాదరుకు అట్టలదండ అని చీటీ అంటించినట్లు. చీటీ చదివి మోసపోవద్దని యువకులకు మనవి.

పిల్లలు ఉద్యోగాలకు పూనా, హైదరాబాదు పోతున్నారు. పోయేముందు ఈ హాలులో కూర్చుని ఒక్కరికైనా నేర్పిపోవలెనని మా కోరిక. ప్రతి ఆదివారం నాలుగు గంటలకు మేడమీది గది తెరిచి ఉంటుంది. పాత కంప్యూటరు, పాత ఫ్లాపీ, పెళ్ళి శుభలేఖల సి.డి., ఏదైనా తీసుకొని రండి.

చివరగా ఒక యాచన. ఆ మూడు ఫ్లాపీలలో ఒకదానిపై బూజు పట్టింది. 140 పుటలలో 129 తేరినవి. 11 పుటలు, 63వ పుటనుండి 73వ పుట వరకు, ఫ్లాపీనుండి రాలేదు, ఇక రావు. అవి సాఖర్ పేటలో మొదట మగ్గాలు పెట్టిన ఇండ్ల వివరాలు. ఆనాడు ప్రూఫులు నాలుగైదు ఇండ్లకు వెళ్ళినవని చెప్పినాము గదా. వాటిలో రెండిండ్లవే మాకు దొరికినవి, వాటిలో ఈ పుటలు లేవు. మిగిలిన ఇండ్లు ఏవో ఆమెకు జ్ఞాపకం లేదు. కాగితం పెద్దది, రెండువైపులా మార్జిను ఎక్కువ, ఎర్రసిరా సవరణలు ఉండవచ్చు. అటకమీద, ట్రంకు పెట్టెలో అడుగున పరిచి, దేవుడి పటం వెనుక, ఎక్కడైనా కనబడితే చింపకండి, లామినేషను చేయించకండి. ఉన్నది ఉన్నట్లు మా చేతికి ఇవ్వండి. వారంలో తిరిగి ఇస్తాము.